పట్టికలో పొరుగువి, కేసులో పరాయివి

రివాల్వర్ తూటాలను ఇంట్లోనే నింపుకునే అమెరికన్ షూటర్ల మధ్య ఒక మాట చాలాకాలంగా చలామణిలో ఉంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవాడు ఫలానా పౌడర్ దొరకడం లేదు, ఏం చేయమంటారని అడిగితే చాలు, ఎవరో ఒకరు ఆ మాట అందుకుంటారు: "బర్న్ రేట్ చార్టు చూడు. నీ పౌడర్‌కి పైనా కిందా ఉన్నవి దాదాపు దానిలాంటివే. పక్కది తెచ్చుకో. పాత మోతాదు నుంచి పది శాతం తగ్గించి మొదలుపెట్టు. ఏమీ కాదు."

ఈ సలహా తప్పు. వినేవాడి వేళ్లు, కళ్లు పణంగా పెట్టించేంత తప్పు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం కాబట్టి ఇక్కడ ఈ గొడవ లేదు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకునేవాడికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అక్కడ స్థిరపడి, రేంజికి వెళ్లడం అలవాటైన తెలుగువాళ్ల చెవిన కూడా ఇదే సలహా పడుతోంది. అందుకే తెలుగులో రాస్తున్నాను.

ముందు ఆ వాదనను ఉన్నదున్నట్టు చెప్పాలి. అది చెప్పేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, చాలామంది ఏళ్ల తరబడి తూటాలు నింపే ప్రెస్ ముందు కూర్చున్నవాళ్లు. వాళ్లు అనేది ఇది: పొగరాని మందులన్నిటికీ మూలం నైట్రోసెల్యులోజే, కొన్నిటిలో దానికి నైట్రోగ్లిజరిన్ తోడవుతుంది. వాటి మధ్య అసలు తేడా కాలే వేగంలోనే ఉంటుంది. ఆ వేగాన్ని తయారీదారులే వరుసపెట్టి పట్టికగా అచ్చేస్తున్నారు. తూటాలు నింపే మాన్యువల్ తెరిచి చూస్తే ఒకే బుల్లెట్‌కి పక్కపక్క పౌడర్ల మోతాదులు గ్రెయిన్ అనే బరువు కొలతలో కొద్ది పదో వంతుల తేడాతో ఉంటాయి, వేగాలు కూడా దగ్గర దగ్గరగానే వస్తాయి. పైగా రెండు పేర్లతో అమ్ముడయ్యే ఒకే పౌడర్ ఉదాహరణలూ ఉన్నాయి. ఇన్ని ఆధారాలు పెట్టుకుని పౌడర్ పౌడర్‌కీ ఇంత పట్టింపు దేనికి? ఇదీ వాళ్ల వాదన. వినడానికి బాగుంది. ఒక్కొక్క ఆధారాన్నీ పట్టుకుని చూద్దాం.

1. చార్టులో ఉన్నది వరుస, దూరం కాదు

ఈఏపీసెట్‌లో 500 ర్యాంకు, 501 ర్యాంకు వచ్చిన ఇద్దరికి మార్కుల్లో ఎంత తేడా ఉందో ర్యాంకు చూసి చెప్పలేం. అర మార్కు కావచ్చు, అంతకన్నా ఎక్కువ కావచ్చు. బర్న్ రేట్ చార్టు కూడా అలాంటిదే. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చెబుతుంది. ఎంత ముందు, ఎంత వెనక అన్నది చెప్పదు. నలభయ్యో స్థానానికీ నలభై ఒకటో స్థానానికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండి, నలభై ఒకటికీ నలభై రెండుకీ మధ్య పెద్ద అగాధం ఉన్నా ఆ కాగితం మీద రెండు ఖాళీలూ సమానంగానే కనిపిస్తాయి.

ఇంకో సంగతి. ఒక కంపెనీ చార్టు పక్కన మరో కంపెనీ చార్టు పెట్టి చూడండి, మధ్యలో ఉన్న పౌడర్లు కొన్ని స్థానాలు మారి ఉంటాయి. షాట్‌గన్‌కి వాడే అతివేగపు పౌడర్ల నుంచి పెద్ద రైఫిళ్లకు వాడే నిదానపు పౌడర్ల దాకా అన్నిటినీ ఒకే దారానికి గుచ్చిన జాబితా అది. రివాల్వర్ కేసు (తూటా ఇత్తడి గుల్ల) కోసం ప్రత్యేకంగా వేసింది కాదు. దాన్నిబట్టి మోతాదు లెక్క కట్టవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. చార్టును సాక్ష్యంగా తెచ్చేవాళ్లు ఆ హెచ్చరికను మాత్రం వెంట తీసుకురారు.

2. కాలే వేగం పౌడర్‌కి పుట్టుకతో వచ్చిన ఒకే అంకె కాదు

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వీయే ఆచరణలో పనికొచ్చిన తొలి పొగరాని మందును తయారుచేశాడు. మందు కాలే వేగం చుట్టూ ఉన్న పీడనాన్నిబట్టి మారుతుందన్న సూత్రం కూడా ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. పీడనం పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ పెరుగుదల అన్ని పౌడర్లలో ఒకే తీరుగా ఉండదు. రేకుల్లా కోసిన గింజ ఒక రకంగా, గుండ్రటి గింజ ఇంకో రకంగా, కడ్డీలా ఒత్తి తీసిన గింజ మరో రకంగా కాలతాయి. గింజ పైపొర త్వరగా అంటుకోకుండా పూసే రసాయనం మోతాదు మారినా కథ మారుతుంది. అంటే తక్కువ పీడనంలో ముందున్న పౌడర్ ఎక్కువ పీడనంలో వెనకపడవచ్చు. అప్పుడు చార్టులో ఏ స్థానం దానిది?

చార్టు వెనక ఉన్న కొలత ఎక్కువగా మూసి ఉన్న ఉక్కుపాత్రలో, స్థిరమైన పరిస్థితుల్లో తీసేది. రివాల్వర్‌లో ఏదీ స్థిరంగా ఉండదు. బుల్లెట్ కదలడం మొదలవగానే మందు కాలే గది పెద్దదవుతూ పోతుంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి గ్యాసు తప్పించుకుంటుంది. కేసు పొడుగు, బుల్లెట్ ఎంత లోతుకు దిగింది, అంచు ఎంత గట్టిగా బిగించారు, ఏ ప్రైమర్ (మందును అంటించే బిళ్ల) పెట్టారు, ఇవన్నీ ఆ సెకనులో వెయ్యో వంతులో కలిసి పనిచేస్తాయి. తూటాల ప్రమాణాలు నిర్ణయించే అమెరికన్ పరిశ్రమ సంస్థ ఎస్‌ఏఏఎంఐ .38 స్పెషల్‌కి పెట్టిన గరిష్ఠ సగటు పీడనం 17,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .357 మాగ్నమ్‌కి 35,000. ఒకే వ్యాసం ఉన్న బుల్లెట్, .357 రివాల్వర్‌లో రెండూ పేల్చుకోవచ్చు, అయినా పీడనం రెట్టింపు. ఈ రెండు చోట్లా ఒకే వరుస పనిచేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు.

3. హెచ్110, 2400: మార్చుకుంటే రెండు వైపులా దెబ్బే

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంశం. కాస్త నిదానంగా చెబుతాను.

2400 పాత పౌడర్. 1930ల తొలినాళ్లలో హెర్క్యులిస్ కంపెనీ తెచ్చింది, తర్వాత అలయంట్ పేరుతో వచ్చింది. 1935లో .357 మాగ్నమ్, 1955 చివర్లో .44 మాగ్నమ్ వచ్చాయి. వాటికి దారి తీసిన బరువైన లోడ్లతో తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ చేసిన ప్రయోగాల్లో 2400ది పెద్ద పాత్ర. హెచ్110 హాడ్జ్‌డన్ కంపెనీది, గుండ్రటి గింజల పౌడర్. రెండూ మాగ్నమ్ రివాల్వర్లకే ప్రసిద్ధి. చార్టుల్లో దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే "2400 లేకపోతే హెచ్110, అది లేకపోతే ఇది" అన్న సలహా వీటి విషయంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

2400 సాధారణ ప్రైమర్‌తోనే అంటుకుంటుంది, మోతాదు తగ్గించినా సర్దుకుపోతుంది. హెచ్110 అలా సర్దుకోదు. దాని గింజ నున్నగా, బరువుగా ఉంటుంది, పైపూత ఎక్కువ. అది సవ్యంగా కాలాలంటే కేసు దాదాపు నిండాలి, ప్రైమర్ మాగ్నమ్‌ది కావాలి, బుల్లెట్ కాస్త బరువుగా ఉండాలి, కేసు అంచు గట్టిగా బిగించి ఉండాలి. వీటన్నిటివల్ల మొదటి క్షణంలోనే పీడనం పుంజుకుంటుంది, అప్పుడే అది పూర్తిగా కాలుతుంది. అందుకే హాడ్జ్‌డన్ తన డేటాలో చెప్పిన హెచ్110 మోతాదును 3 శాతానికి మించి తగ్గించవద్దని హెచ్చరించింది.

ఇప్పుడు ఆ సలహాను మళ్లీ చదవండి. "పది శాతం తగ్గించి మొదలుపెట్టు." చాలా పౌడర్లకు ఇది మంచి జాగ్రత్త, మాన్యువళ్లు కూడా చెప్పేదే. హెచ్110 దగ్గర ఆ జాగ్రత్తే ప్రమాదమవుతుంది. ప్రైమర్ పేలుతుంది, పౌడర్ సగం కాలి ఆగిపోవచ్చు. అదే జరిగితే చప్పుడు ఢామ్మని రాదు, టప్ మంటుంది. చేతికి తన్ను తగలదు. సిలిండర్ తెరిస్తే సగం కాలిన గింజలు పసుపు రంగు తిరిగి, ఒకదానికొకటి అంటుకుని, చాంబర్‌లోంచీ బ్యారెల్ మొదట్లోంచీ రాలుతాయి. బుల్లెట్ మాత్రం బయటికి పోకుండా బ్యారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. ఒక్కోసారి సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఇరుక్కుని సిలిండర్ తిరగకుండా చేస్తుంది. అలా ఆగిపోతే షూటర్ అదృష్టవంతుడు. బుల్లెట్ పూర్తిగా బ్యారెల్‌లోకి వెళ్లిపోతే సిలిండర్ మామూలుగానే తిరుగుతుంది. వేగంగా పేల్చే అలవాటున్నవాడు ఆ టప్ శబ్దాన్ని పట్టించుకునేలోపు రెండో తూటా వెనక నుంచి వచ్చి దానికి కొట్టుకుంటుంది. బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది.

పొరపాటు ఇటు నుంచి అటు జరిగినా క్షేమం లేదు. ఒకే బుల్లెట్‌కి 2400 గరిష్ఠ మోతాదు సాధారణంగా హెచ్110 మోతాదు కన్నా తక్కువ. హెచ్110 కోసం రాసుకున్న బరువునే 2400తో నింపితే పీడనం హద్దు దాటుతుంది. 2400 కోసం రాసుకున్న బరువును హెచ్110తో నింపితే అది సరిగా కాలదు. ఒక దారిలో వెళ్తే మితిమీరిన పీడనం, రెండో దారిలో వెళ్తే చాలీచాలని పీడనం. రెండు పౌడర్లు నిజంగా ఒకదానికొకటి బదులైతే కనీసం ఒక దారైనా క్షేమంగా ఉండాలి కదా? ఈ ఒక్క జంటను అడ్డం పెట్టినా పొరుగు సిద్ధాంతం నిలబడదు. దీన్ని మినహాయింపు అంటారా? మినహాయింపు ఎక్కడెక్కడ ఉందో చార్టు చెప్పదు. ప్రతి పౌడర్‌కీ దాని సొంత డేటా తెరిచి చూస్తేనే తెలుస్తుంది. తెరిచి చూశాక ఇక చార్టుతో పనేముంది?

4. .38 స్పెషల్‌లో అసలు ప్రశ్న వేగం గురించి కాదు

రెండో రకం సలహా లక్ష్యపు షూటింగ్ చేసేవాళ్ల మధ్య వినిపిస్తుంది. "బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్, 231, యూనిక్, .38లో అన్నీ ఒకటే పని చేస్తాయి. చవకగా దొరికినది కొను." ఇక్కడ పొరపాటు ఇంకా సూక్ష్మం. ఎందుకంటే ఇవన్నీ .38లో పనిచేస్తాయన్న మాట నిజమే.

.38 స్పెషల్ కేసు 1898 నాటి రూపం, నల్లమందు పట్టేలా చేసింది. ఆ గదిలో ఇప్పుడు మనం పోసే వేగపు పౌడర్ నాలుగు గ్రెయిన్లు, అటు ఇటుగా. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే ఒక పౌండు డబ్బాతో 1750 తూటాలు. నాలుగు గ్రెయిన్లంటే గ్రాములో పావు వంతు. బరువు లెక్క సరిగ్గా తూగినా ఆ పావు గ్రాము ఎంత చోటు ఆక్రమిస్తుందన్నది పౌడర్ పౌడర్‌కీ మారుతుంది. టైట్‌గ్రూప్ దట్టమైనది, కేసు అడుగున పలచటి పొరలా కూర్చుంటుంది. యూనిక్ రేకుల పౌడర్, ఉబ్బెత్తుగా ఉండి ఎక్కువ చోటు తీసుకుంటుంది.

తేడా ఎక్కడ పడుతుందో బల్ల దగ్గర చూడండి. యాభై కేసులు లోడింగ్ బ్లాకులో వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటిలో పౌడర్ పోశారు. టార్చి పట్టుకుని పైనుంచి ఒక్కొక్క కేసులోకి చూస్తున్నారు. పొరపాటున ఒకదానిలో రెండుసార్లు పడిందనుకోండి. ఉబ్బెత్తు పౌడరైతే ఆ కేసులో మట్టం మిగతావాటికన్నా ఎంతో పైకి ఉంటుంది, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దట్టమైన పౌడరైతే రెండు మోతాదులు పడినా కేసు పొర్లదు, సగానికి కూడా రాకపోవచ్చు. లోతైన ఇత్తడి గుల్లలో ఆ తేడా చీకట్లో కలిసిపోతుంది. రెట్టింపు మోతాదు రివాల్వర్‌ను పగలగొట్టే కారణాల్లో ముందు వరుసలోది. ఈ రెండు పౌడర్లు చార్టులో ఎంత దగ్గరగా ఉన్నాయన్న ప్రశ్నకు ఇక్కడ విలువే లేదు. పొరపాటు జరిగితే కంటికి దొరుకుతుందా లేదా అన్నదే ప్రశ్న. ఆ సంగతి చార్టులో ఏ మూలా రాసి ఉండదు.

దట్టమైన పౌడర్ చెడ్డదని నేననడం లేదు. గుండ్రటి గింజలు పౌడర్ మెజర్‌లోంచి సమానంగా జారుతాయి, రేకులు ఒక్కోసారి గొంతులో అడ్డుపడి ఒక కేసులో తక్కువ, మరుసటి దాంట్లో ఎక్కువ పడతాయి. దేనికుండే ఇబ్బంది దానికుంది. అందుకే వీటిని "అన్నీ ఒకటే" అని కట్టగట్టి పడేయడం అన్యాయం. ఎవరి బల్ల మీద ఏ పొరపాటు జరగడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసుకుని పౌడర్ ఎంచుకోవాలి.

మెజర్ గురించి ఇంకో మాట. అది బరువు తూచదు, పరిమాణం కొలుస్తుంది. పాత పౌడర్‌కి సరిపెట్టిన అమరికలో కొత్త పౌడర్ పోసి "దగ్గరిదే కదా" అని ముందుకు పోతే పడే బరువు మారిపోతుంది. మాగ్నమ్‌లో ఇరవై గ్రెయిన్ల మోతాదుకి గ్రెయిన్‌లో మూడు పదో వంతుల తేడా వస్తే అది ఒకటిన్నర శాతం. నాలుగు గ్రెయిన్ల మోతాదులో అదే తేడా ఏడున్నర శాతం. వేగపు పౌడర్లలో పీడనం చాలా నిటారుగా లేస్తుంది కాబట్టి ఆ ఏడున్నర శాతం చిన్న విషయం కాదు.

కేసులో మందు ఎక్కడ పడి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద గదిలో చిన్న మోతాదు అటూ ఇటూ కదులుతుంది. గొట్టం పైకెత్తి దించి పేలిస్తే పౌడర్ ప్రైమర్ వైపు ఉంటుంది, కిందికి వంచి ఎత్తి పేలిస్తే బుల్లెట్ వైపు చేరుతుంది. కొన్ని పౌడర్లలో ఈ రెండింటికీ వేగం గణనీయంగా మారుతుంది, కొన్నిటిలో పెద్దగా మారదు. పొరుగు పౌడర్లలో ఏది ఎలా ప్రవర్తిస్తుందో మీ తూటాతో, మీ రివాల్వర్‌తో పేల్చి చూడవలసిందే.

5. "క్రోనోగ్రాఫ్‌లో వేగం ఒకటే వచ్చింది"

ఈ వాదన ఎక్కువమందిని ఒప్పిస్తుంది, ఎందుకంటే దాని చేతిలో ఒక యంత్రం, ఒక అంకె ఉన్నాయి. పక్క పౌడర్ పోసి పేల్చాను, అదే వేగం వచ్చింది, కాబట్టి పీడనమూ అదే అయి ఉంటుందంటారు.

బుల్లెట్ వేగం బ్యారెల్ పొడవునా పీడనం చేసిన మొత్తం పని మీద ఆధారపడుతుంది. తూటా భద్రత ఆ పీడనం చేరుకున్న శిఖరం మీద ఆధారపడుతుంది. వేగపు పౌడర్ ఎత్తైన శిఖరం ఎక్కి చప్పున దిగిపోతుంది. నిదానపు పౌడర్ తక్కువ ఎత్తుకే వెళ్లినా ఎక్కువసేపు నెడుతుంది. చివరికి బుల్లెట్ అదే వేగంతో బయటికి రావచ్చు. క్రోనోగ్రాఫ్ చూసేది గొట్టం దాటాక ఉన్న బుల్లెట్‌ను. చాంబర్‌లో ఏం జరిగిందో దానికి తెలిసే మార్గం లేదు. పైగా సిలిండర్ సందు అంగుళంలో కొన్ని వెయ్యో వంతులు తేడా ఉన్నా, ఒకే మోడల్ రివాల్వర్లు రెండింటిలో ఒకే తూటా వేర్వేరు వేగాలు చూపిస్తుంది. ఆ అంకెను పీడనానికి సాక్ష్యంగా తేవడం కుదరదు.

"మరి ప్రైమర్ చదునవుతుంది కదా, కేసు చాంబర్‌లో పట్టేస్తుంది కదా, చూసుకుంటాం" అంటారు. .357 మాగ్నమ్‌లో ఆ గుర్తులు ఆలస్యంగానైనా కనిపించవచ్చు. 17,000 పీఎస్‌ఐ హద్దు ఉన్న .38లో, 14,000 హద్దు ఉన్న .45 కోల్ట్‌లో ఆ గుర్తులు కనిపించేసరికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. .357 కేసు .38 కన్నా అంగుళంలో దాదాపు ఏడో వంతు పొడవు, మిగతా విషయాల్లో దాని తోబుట్టువే. .38లో పీడనం హద్దుకు ఒకటిన్నర రెట్లున్నా ఇత్తడి ఏ ఫిర్యాదూ చేయకుండా బయటికి జారుతుంది. కష్టమంతా .38 కోసం చేసిన పాత, తేలికపాటి రివాల్వర్ పడుతుంది. .45 కోల్ట్ సంగతి ఇంకా ఘోరం. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ తరహా రివాల్వర్ కూడా, బలిష్ఠమైన రూగర్ బ్లాక్‌హాక్ కూడా అదే తూటాను మింగుతాయి. మాన్యువళ్లలో రూగర్ల కోసం విడిగా అచ్చేసిన లోడ్లు ఆ పాత తరహా సిలిండర్‌లో పడితే ఇత్తడి గుర్తు చూపే వరకు ఆగే వ్యవధి ఉండదు.

పాత మాన్యువల్ అంకెలతో కొత్తవాటిని పోల్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకప్పుడు పీడనాన్ని రాగి ముక్క ఎంత నలిగిందో చూసి సీయూపీలో చెప్పేవాళ్లు, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సెన్సరుతో పీఎస్‌ఐలో చెబుతున్నారు. .38 స్పెషల్‌కి రెండు పద్ధతుల్లోనూ హద్దు 17,000. .357 మాగ్నమ్‌కి మాత్రం పాత పద్ధతిలో 45,000, కొత్త పద్ధతిలో 35,000. ఒక దాన్నుంచి మరోదానికి మార్చే ఏకసూత్రం లేదు. పక్కపక్క పౌడర్ల పీడనాలను రెండు కాలాల పుస్తకాల్లోంచి ఏరి పోల్చేవాడు తెలియకుండానే రెండు వేర్వేరు కొలబద్దలతో కొలుస్తున్నాడు.

6. ఒకే పౌడర్‌కి రెండు పేర్లుండటం ఈ వాదనకు పనికిరాదు

హెచ్‌పీ-38, వించెస్టర్ 231 ఒకే పౌడర్. హెచ్110, వించెస్టర్ 296 ఒకే పౌడర్. హెచ్‌ఎస్-6, వించెస్టర్ 540 కూడా అంతే. ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్ ఫ్యాక్టరీలో తయారై రెండు డబ్బాల్లోకి వెళ్లినవి. 2006లో వించెస్టర్ పౌడర్ల అమ్మకం హాడ్జ్‌డన్ చేతికి వచ్చింది, హెచ్‌పీ-38, 231లకూ, హెచ్110, 296లకూ ఒకే డేటా అచ్చవుతుంది. ఇది తయారీదారు చెప్పిన విషయం, చార్టు చూసి ఊహించింది కాదు. ఒకే పౌడర్ అని తెలిసిన మూడు జంటలను చూపించి, దగ్గరగా కనిపించే మిగతా జంటలన్నీ ఒకటేననడం తర్కంలో నిలవదు.

పేర్లు ఎంత మోసగిస్తాయో రైఫిల్ పౌడర్లను చూస్తే తెలుస్తుంది. హెచ్4895, ఐఎంఆర్ 4895 రెండిటికీ ఒకే అంకె, అయినా డేటా వేరు. రివాల్వర్ల దగ్గరకొస్తే యూనిక్, యూనివర్సల్ పేర్లు వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, చార్టుల్లోనూ పక్కపక్కనే నిలబడతాయి. ఒకటి అలయంట్‌ది, ఇంకోటి హాడ్జ్‌డన్‌ది. ఒకదాని మోతాదు మరోదానికి పనికిరాదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఫ్యాక్టరీ తూటా విప్పి, లోపలి గింజను తమ డబ్బాలోని గింజతో కంటితో పోల్చి, ఇది అదేనని తేల్చేస్తారు. గ్రాఫైట్ పూసిన బూడిద రంగు గింజలు వందల రకాల్లో అలాగే ఉంటాయి. అంతేకాక ఫ్యాక్టరీలు వాడేది టోకు సరుకు, విడత విడతకీ కాలే వేగం మారుతుంది, వాళ్లు ప్రతి విడతనూ పీడనం కొలిచి మోతాదు సర్దుకుంటారు. మనకు డబ్బాల్లో అమ్మేది ఎప్పుడూ ఒకేలా ఉండాలని కలిపి సరిచేసిన సరుకు. కంటికి రెండూ ఒకటే, చాంబర్‌లో కావు.

7. "ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు"

ఏమీ కానివాళ్లే ఈ మాట చెప్పగలరు. ఆధునిక రివాల్వర్‌కి ఉన్న అదనపు బలం ఎన్నో తప్పులను మింగేస్తుంది. ఆ బలం షూటర్ లెక్క సరైనదని చెప్పే రుజువు కాదు. తయారీదారు తన జాగ్రత్తకోసం ఇచ్చిన నిల్వ అది, ప్రతి తూటాతో దాన్ని కొంత కొంత ఖర్చు పెడుతున్నారు. చాలా ఆరు తూటాల రివాల్వర్లలో సిలిండర్‌ను నిలబెట్టే గాడి చాంబర్ మీదనే ఉంటుంది, అక్కడ ఉక్కు పలచగా ఉంటుంది. పీడనం హద్దు మీరితే మొదట తెరుచుకునేది ఆ చోటే. సిలిండర్ పైభాగం చీలి, రివాల్వర్ ఫ్రేము పై పట్టీ వంగిపోతుంది. ఎగిరిన ముక్క పేల్చినవాడి వైపే పోవాలని లేదు, పక్క బెంచీలో నిలబడ్డవాడి వైపు కూడా పోవచ్చు. ఆ పక్కవాడు పౌడర్ ఎంపికలో ఏ పాలూ పంచుకోలేదు.

2013లోనూ, 2020 తర్వాతా అమెరికాలో పౌడర్ కొరత వచ్చింది. కొట్లలో అల్మారాలు ఖాళీ. కావలసిన డబ్బా దొరకనప్పుడు దొరికినదానితో సరిపెట్టుకోవాలన్న ఒత్తిడి నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఆ ఒత్తిడికి సమాధానం ఉంది. దొరికిన పౌడర్‌కి, మీ దగ్గరున్న బుల్లెట్ బరువుకి, రకానికి, మీ తూటాకి అచ్చయిన డేటా ఉందేమో చూడండి. హాడ్జ్‌డన్, అలయంట్, లైమన్, హార్నడీ, స్పీర్ లాంటివాళ్ల తాజా డేటాలో ఉంటే ఆ పౌడర్ చార్టులో ఎంత దూరంగా ఉన్నా నిశ్చింతగా వాడండి, ఆ డేటా చెప్పిన కనీస మోతాదు దగ్గర మొదలుపెట్టి. లేకపోతే చార్టులో ఆనుకుని ఉన్నా ఆ డబ్బాను అల్మారాలోనే వదిలేయండి. బుల్లెట్ మారితే, ముఖ్యంగా పోతపోసిన సీసం బుల్లెట్‌కి బదులు రాగి తొడుగున్నది పెడితే, మళ్లీ మొదటినుంచి చూడండి. బల్ల మీద ఒకేసారి ఒక్క పౌడర్ డబ్బా మాత్రమే తెరిచి ఉండాలి. మెజర్ గొట్టానికి ఆ పౌడర్ పేరు రాసిన చీటీ అంటించాలి. పౌడర్ మారినప్పుడల్లా మెజర్ ఖాళీ చేసి, త్రాసు మీద తూచి, మళ్లీ అమర్చాలి.

పక్క పౌడర్‌తో, పాత మోతాదుతో ఇప్పటికే నింపిపెట్టుకున్న తూటాలున్నవాళ్లకు చెబుతున్నాను. వాటిని పేల్చి పరీక్షించకండి. సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్ తెచ్చుకుని ఒక్కొక్కటీ విప్పండి. బుల్లెట్, ప్రైమర్ పెట్టిన కేసు మళ్లీ పనికొస్తాయి. బయటికి వచ్చిన పౌడర్‌ను ఏ డబ్బాలోనూ తిరిగి కలపకండి. విప్పేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.